ఊరికే అన్న రెడ్డెమ్మ

కువైట్‌లోని ముబారక్ అల్ కబీర్‌లో రెడ్డెమ్మ పనిచేసే ఇంట్లో ప్రతి పనికీ ఒక కారణం ఉండాలి. ఫ్రిజ్ తలుపు ఎందుకు తీశావు, మేడ మీదికి రెండోసారి ఎందుకు పోయావు, ఉల్లిగడ్డలు కోస్తూ కోస్తూ ఎందుకు ఆగావు. అడిగేది ఇంటామె. అక్కడి పనివాళ్లందరి లాగే రెడ్డెమ్మ కూడా ఆమెను మామా అంటుంది. మామా ముప్పై ఏళ్లు ఆడపిల్లల బడిలో అరబ్బీ వ్యాకరణం చెప్పింది. చివరి ఏడేళ్లు వైస్ ప్రిన్సిపాల్‌గా చేసింది. ముందురోజు బడికి రాని పిల్లలు తెచ్చిన చీటీలు చదివి, కారణం బాగుంటే లోపలికి, బాగాలేకపోతే గేటు బయటికి పంపడం ఆ ఏడేళ్లూ ఆమె చేసిన పని. ఉద్యోగం అయిపోయింది, అలవాటు మాత్రం ఇంటికి వచ్చేసింది. రోజుకు యాభైసార్లు ఆమె నోట వచ్చే మాట "లేష్". ఎందుకు, అని.

రెడ్డెమ్మది రాయచోటికి ఎనిమిది మైళ్ల అవతల ఒక పల్లె. నలభై ఆరేళ్లు. కువైట్‌లో పదకొండో ఏడు, ఈ ఇంట్లో ఆరో ఏడు. రోజుకు యాభైసార్లు ఆమె నోట వచ్చే మాట "ఊరికే".

ఆ ఒక్క మాటతోనే ఆమె చాలా పనులు గడుపుకునేది. ఫోనులో మొగుడు గంగాధర "ఎందుకు చేసినావు?" అంటే "ఊరికే" అనేది. పనేమీ లేదు, గొంతు విందామని. "ఊరికే ఎవరిస్తారు ఈ కాలంలో?" అంటే ఉచితంగా. "మా మామా ఊరికే ఊరికే పిలుస్తాది" అంటే మాటిమాటికీ. "ఊరికే ఉండబ్బా" అంటే ఇక నోరు మూయమని. గిన్నెలు తోముతూ ఉండగా కళ్లు తడిసి, మామా చూసి లేష్ అంటే అప్పుడూ అదే మాట. అక్కడ దాని అర్థమేమిటో రెడ్డెమ్మ ఎవరికీ విడమరిచి చెప్పలేదు.

ఈ ఇంటికి వచ్చిన మొదటి ఏడే మామా ఆ మాట పట్టుకుంది. ఊరికే అంటే ఏమిటని నిలదీస్తే రెడ్డెమ్మ వెళ్లి డ్రైవర్‌ను అడిగింది. అతను బెంగాలీ. రెడ్డెమ్మ చేతులతోనూ ముఖంతోనూ చెప్పిందంతా చూసి, దీనికి అరబ్బీలో "బస్ చిదీ" అంటారని చెప్పాడు. అంతే, అలాగే, ఏమీ లేదు, అని. ఆమె ఆ మాట నేర్చుకుని మామా ముందు పెట్టింది.

"ఈ మాట రాసిన చీటీ నేను ఒక్క పిల్ల దగ్గర కూడా తీసుకోలేదు. ఈ ఇంట్లో చిదీ లేదు" అంది మామా.

అప్పటినుంచి రెడ్డెమ్మ కారణాలు తయారుచేసుకోవడం నేర్చుకుంది. ఫ్రిజ్ తీసింది పాలు ఉన్నాయా అని చూడటానికి. కోయడం ఆపింది కత్తి కడగటానికి. సాయంత్రం ఐదింటికి ఆమె మిద్దె మీద నీళ్ల ట్యాంకు నీడలో పది నిమిషాలు నిలబడేది. దానికి కారణం ఉతికిన బట్టల బుట్ట. బట్టలు ఆరేసే పని లేని రోజు కూడా ఖాళీ బుట్ట పట్టుకుని ఎక్కేది. మెట్ల దగ్గర కెమెరా ఉంది, అది మామా ఫోనులో కనపడుతుంది. చేతిలో బుట్ట ఉంటే మామా అడగదు.

మూడంతస్తుల ఇల్లు. మామా భర్త పోయి నాలుగేళ్లయింది. చిన్న కూతురు వేరే దేశంలో ఉంటుంది, పెద్ద కూతురు శుక్రవారం వచ్చి భోజనం చేసి పోతుంది. మిగతా ఆరు రోజులు ఆ ఇంటి లోపల మామా, రెడ్డెమ్మ. మధ్యాహ్నం రెండు, మూడు మధ్య పై అంతస్తు నుంచి "రదీమా" అని పిలుపు వస్తుంది. ఆరేళ్లయినా ఆ నోట రెడ్డెమ్మ అన్న పేరు పలకలేదు. ఇరవై రెండు మెట్లెక్కి వెళ్తే మామా సోఫాలో కూర్చుని ఈమెను చూస్తుంది. తర్వాత గది నలుమూలలా చూస్తుంది. చివరికి, "ఆ టిష్యూ పెట్టె కుడివైపు పెట్టు" అంటుంది. పెట్టి దిగొస్తుంది. మర్నాడు ఎడమవైపు. ఎందుకని రెడ్డెమ్మ ఒక్కసారి కూడా అడగలేదు. లేష్ అన్న మాట ఆ ఇంట్లో పైనుంచి కిందికే వచ్చేది.

ఈ ఏడు ఆగస్టులో ఆమె చివరిసారి ఊరికి పోయొచ్చి మూడేళ్లు నిండాయి. రెండేళ్లకోసారి పంపాలని ఒప్పందం కాగితంలో ఉంది. ఆ కాగితం, పాస్‌పోర్టు మామా బీరువాలో ఉన్నాయి. పదకొండేళ్లలో ఆమె ఊరికి పోయింది మూడుసార్లు. ఒకసారి అత్త పోయిందని, ఒకసారి మిద్దె వేస్తున్నారని, ఒకసారి గంగాధరకు కడుపు ఆపరేషన్ అని. పోయిన ప్రతిసారీ పనే. మిద్దె కట్టే బేల్దార్లకు నీళ్లు మోసింది, ఆసుపత్రి వరండాలో చాప వేసుకుని పడుకుంది. ఈసారి ఏ పనీ లేదు. పెండ్లి లేదు, పండగ లేదు, రోగం లేదు. ఆమెకు కావలసింది కూడా అదే. మధ్యాహ్నం పూట తన ఇంటి వసారాలో బండ మీద కూర్చుని, ఎవరూ ఏమీ అడగకుండా ఒక నెల.

ఆ సంగతి మొదట చెప్పింది హుస్సేన్ బీకి. హుస్సేన్ బీ రాయచోటి టౌన్ మనిషి, పక్కింట్లో వంట చేస్తుంది. సాయంత్రం ఐదింటికి ఆమె కూడా వాళ్ల మిద్దె మీదికి వస్తుంది. ఆమె చేతిలో కూడా బుట్టే.

"సెలవు అడగల్లక్కా" అంది రెడ్డెమ్మ పిట్టగోడ మీదుగా.

"అడుగు. ఎవురు సచ్చినారని చెప్తావు?"

"ఎవురూ సావలేదు."

"సావకపోతే పంపరు మే. పెండ్లంటే ఫొటోలు సూపీమంటారు, జబ్బంటే కాగితం తెమ్మంటారు. సావుకైతే ఏమీ అడగరు. మా చిన్నాయన్ను నేను మూడిండ్లల్లో మూడుతూర్లు సంపినా. ఇప్పుడు కూడా తెల్లార్తోనే లేసి పాలు పోసేదానికి పోతాండాడు. గట్టి మనిషి."

"ఆ పని నేను ఒగతూరి చేసినా గదక్కా. ఇంగ సెయ్యను."

హుస్సేన్ బీకి ఆ కథ తెలుసు. తొమ్మిదేళ్ల కిందట రెడ్డెమ్మ అర్దియాలో ఒక ఇంట్లో ఉండేది. అక్కడా కారణం లేకుండా పంపరు. తోటి పనివాళ్లు చెప్పగా ఇంటాయన, వాళ్ల మాటలో బాబా, దగ్గర మా అత్త చనిపోయిందని ఏడ్చింది. నెల రోజులు సెలవిచ్చారు. ఇంటికి వెళ్తే తలుపు తీసింది అత్తే. సంగతి తెలిశాక ముసలామె కోప్పడలేదు. వీధిలో అందర్నీ పిలిచి "నా దినాలకు నా కోడలు కువైట్ నుంచి దిగింది సూడండి" అని నవ్వింది. తెచ్చిన ఖర్జూరాలు తింటూ "నా కర్మాంతరం కాయలు తియ్యంగా ఉండాయి" అంది. రెడ్డెమ్మ తిరిగొచ్చిన నాలుగో నెలలో ఆమె నిజంగానే పోయింది. మళ్లీ ఏడుస్తూ వెళ్లి బాబా ముందు నిలబడితే ఆయన వేళ్లు చూపించి, "నీకు ఎంతమంది అత్తలు?" అన్నాడు. పంపలేదు. రెడ్డెమ్మ పిండి డబ్బాకు ఫోను ఆనించుకుని అత్తను సాగనంపడం వీడియోలో చూసింది. అవతల ఫోను పట్టుకున్నవాళ్ల చెయ్యి ఊగుతుంటే అత్త ముఖం కంటే షామియానా ఎక్కువ కనపడింది.

అందుకే ఈసారి అడిగితే నిజమే అడగాలనుకుంది. నిజం ఏమిటంటే, ఊరికే.

గంగాధరకు ఫోను చేసి చెప్పింది.

"ఇప్పుడెందుకు మే? ఈడ పనేముంది?"

"పనేం లేదు. ఊరికే వస్తా."

"ఊరికే వచ్చేదానికి అదేమన్నా మదనపల్లెనా, పొద్దున బస్సెక్కి మాపిటికి దిగేదానికి? నిజం సెప్పు. ఏమన్నా జబ్బా?"

"కాదు."

"ఆ ఇంటామెతో కొట్లాడినావా?"

"కాదబ్బా."

"మళ్ల? ఊర్లో అడిగితే నేనేం సెప్పల్ల?"

"ఊరికే వచ్చిందని సెప్పు."

"నమ్ముతారా ఎవురన్నా?" అన్నాడు గంగాధర. అతను చెడ్డవాడు కాదు. ఊళ్లో జనం ఎట్లా మాట్లాడుకుంటారో తెలిసినవాడు, అంతే.

రెండు రోజుల తర్వాత పొద్దున, మామా అరబ్బు కాఫీ, గహ్వా తాగి కప్పు కింద పెట్టాక, రెడ్డెమ్మ తనకొచ్చిన అరబ్బీలో అడిగింది. ఊరికి పోవాలి, ఒక నెల.

"లేష్?"

"బస్ చిదీ."

మామా కోప్పడలేదు. లేష్ అడిగీ అడిగీ అరిగిపోయిందని అనుకుందో ఏమో, బడిలో వాడిన మాట తీసింది. "అకూ సబబ్?" కారణం ఉందా, అని.

రెడ్డెమ్మది వంటింటి అరబ్బీ. ఉప్పు, చీపురు, రేపు, త్వరగా, అయిపోయింది. వాటిలో సబబ్ లేదు. కానీ సబబు అన్న మాట ఆమెకు బాగా తెలుసు. ఊళ్లో గట్టు తగాదా వచ్చినప్పుడు పెద్దమనుషులు చివరికి అడిగేది అదే, "ఇది సబబేనా?" అని. మామా కూడా న్యాయం అడుగుతోందనుకుంది. మూడేళ్ల తర్వాత నెల రోజులు అడగడం న్యాయమేనా, అని. రెడ్డెమ్మ ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని గట్టిగా చెప్పింది.

"సబబే మామా. సబబే."

మామాకు వినపడింది వేరు. కారణం ఉంది.

"ఏమిటా సబబ్?"

"మూడేళ్లు మామా. సబబ్."

"మూడేళ్లంటే కాలం. కారణం కాదు" అంది వ్యాకరణం టీచరు. "అసలు కారణం చెప్పు."

రెడ్డెమ్మ ఇంకోసారి ఛాతీ మీద చెయ్యి పెట్టుకుంది. మామా చాలాసేపు ఆమె ముఖం చూసి, కప్పు తీసుకెళ్లమంది.

కారణం ఉంది కానీ చెప్పను అనే పిల్లలను మామా ఏడేళ్లు చూసింది. రెండు నెలల కిందట అదే వీధి మలుపులో ఉన్న ఇంట్లో ఒక పనిమనిషి చెత్త పారేయడానికి వెళ్లి తిరిగి రాలేదు. ఎవరో వేరే ఇంట్లో పని చూపిస్తామని తీసుకుపోయారట. రెడ్డెమ్మ సెలవు అడిగిన మర్నాటి నుంచి చెత్త సంచులు బయట పెట్టే పని డ్రైవర్‌కు మారింది. గేటు నుంచి చెత్తడబ్బాకు పదకొండు అడుగులు. రెడ్డెమ్మ రోజూ బయట నడిచే నడక అంతే, అది పోయింది. ఆ మర్నాడు మిద్దె తలుపుకు తాళం పడింది. ఎండ ఎక్కువగా ఉంది, బట్టలు మిషన్‌లోనే ఆరబెట్టు అంది మామా. మిద్దె తాళంచెవి ఎప్పుడూ మెట్ల పక్కన మేకుకు వేలాడేది. ఇప్పుడు మేకు ఒక్కటే ఉంది. బుట్ట వాషింగ్ మిషన్ వెనక మూలకు చేరింది.

మిగిలింది వంటింటి కిటికీ. అవతల జానెడు సందు, ఎదురుగా పక్కింటి గోడ, దానికి బిగించిన ఏసీ. ఏసీ నుంచి నీళ్లు చుక్కలు చుక్కలుగా డబ్బాలోకి పడుతుంటాయి. ఎంతసేపు చూసినా ఆ కిటికీలో ఇంకేమీ కనపడదు. పది రోజులు రెడ్డెమ్మ అన్నం వండినంతసేపూ దాన్నే చూసింది. తను చేసిన తప్పేమిటో ఆమెకు తెలియలేదు. సెలవు అడగడమే తప్పేమో అనుకుంది.

పదకొండో రోజు హుస్సేన్ బీ ఫోను చేసింది. "పైకి రావడమే మానేసినావు. ఏమైంది మే?"

చెప్పింది. మామా ఏమని అడిగిందో, తను ఏమని బదులిచ్చిందో.

"సబబ్ అన్నిందా? మా ఉర్దూలో కూడా ఉండాది ఆ మాట. సబబ్ అంటే కారణం మే. ఉండాదా అంటే ఉండాదంటివి. ఏంది అంటే సెప్పకపోతివి. ఇంగ ఆమె ఏమనుకుంటాది? ఎవునితోనో మాట్లాడుకొని పారిపోతాండావని అనుకుంటాది."

రెడ్డెమ్మ ఫోను పెట్టేసి, చేతులు తుడుచుకుని, నేరుగా పైకి వెళ్లింది. "మామా, సబబ్ లేదు. ఏం సబబ్ లేదు" అని రెండు చేతులూ ఖాళీగా తిప్పి చూపింది.

మామా కళ్లద్దాలు తీసింది. "పదిరోజుల కిందట ఉంది. ఇప్పుడు లేదు. ఎక్కడికి పోయింది?"

దానికి కావలసినంత అరబ్బీ రెడ్డెమ్మ దగ్గర లేదు. ఆ సాయంత్రం మామా అర్దియాలో ఉండే తన తమ్ముడికి ఫోను చేసి, శుక్రవారం నీ డ్రైవర్‌ను పంపు అంది.

ఆ డ్రైవర్ ఖాసిం వలి. రాయచోటి మనిషి, కువైట్‌కు వచ్చి ఇరవై ఆరేళ్లు. తెలుగు, ఉర్దూ, అరబ్బీ మూడూ వచ్చు. తెలుగు పనివాళ్లున్న ఇళ్లలో మాట తేడా వస్తే యజమానులు ఆయన్నే పిలుస్తారు. రెండు వైపులా కొంచెం కొంచెం మార్చి చెప్పి ఇద్దరినీ ఒప్పిస్తాడని పేరు. మార్చి చెప్తాడన్న సంగతి యజమానులకు తెలియదు.

శుక్రవారం పెద్ద కూతురు భోజనం చేసి వెళ్లిపోయాక ఆయన వచ్చాడు. పై హాల్లో మామా సోఫాలో కూర్చుంది. ఖాసిం వలి తలుపు దగ్గర కుర్చీలో, రెడ్డెమ్మ గోడకు ఆనుకుని.

"ఏమ్మా, మొన్న ఉండిన కారణం నిన్న యాడికి పాయె అని అడుగుతాంది."

రెడ్డెమ్మ మొత్తం చెప్పింది. సబబు అంటే న్యాయం అనుకున్నానని చెప్పగానే ఖాసిం వలి తొడ చరుచుకుని నవ్వాడు. నవ్వు ఆపుకుంటూ అరబ్బీలో మామాకు చెప్పాడు. మామా ముందుకు వంగింది.

"మా మాట మీ ఊరిదాకా పోయిందా?"

"పోయింది మామా. పోయి మర్యాద నేర్చుకుంది. మా దగ్గర సబబు అంటే న్యాయం."

"సబబ్ అంటే మొదట కారణం కూడా కాదు. తాడు. పాత అరబ్బీలో పైకెక్కడానికి పట్టుకునే తాడును సబబ్ అంటారు." మామా గొంతులో బడి వచ్చేసింది. "ఆమెతో చెప్పు. నాకు ఒక తాడు ఇస్తే నేను లాగుతాను. తాడే ఇవ్వకపోతే దేన్ని పట్టుకుని లాగను?"

ఖాసిం వలి చెప్పాడు.

"బాయిలో ఉండేది నేను. తాడు నన్ను తెమ్మంటే ఎట్ల అన్నా?" అంది రెడ్డెమ్మ.

దీన్ని ఆయన అరబ్బీలోకి మార్చలేదు. గొంతు తగ్గించి, "సూడమ్మా, ఆమె మంచిగా ఉండాది ఇప్పుడు. ఏదన్నా ఒగటి సెప్పు. నేను సక్కంగా సెప్తా" అన్నాడు.

"ఊరికే పోవాల. అదే సెప్పన్నా."

"ఊరికే అంటే పంపదు."

"వేరే ఏం లేదు నా దగ్గిర."

ఖాసిం వలి ఒక క్షణం ఆమెను చూశాడు. తర్వాత మామా వైపు తిరిగి, తల వంచుకుని, నెమ్మదిగా, బాధ పడుతున్నవాడిలా అరబ్బీలో మాట్లాడాడు. రెడ్డెమ్మకు అందులో రెండు మాటలే అర్థమయ్యాయి. ఒకటి అఖూ, అంటే అన్నో తమ్ముడో. రెండోది మాత్, చచ్చిపోయాడు. ఆ రెండో మాట ఆమె అర్దియాలో తన నోటితో అన్నది. మామా చెయ్యి అప్పటికే గుండె మీదికి పోయింది. ముఖం మెత్తబడింది. ఇంకో నిమిషం ఊరుకుంటే చాలు. బీరువా తెరుచుకుంటుంది, పాస్‌పోర్టు బయటికి వస్తుంది, ఆదివారానికల్లా విమానం. రెడ్డెమ్మకు అది తెలుసు. ఊళ్లో తన తమ్ముడు మునీంద్ర ఆ పూట టమాటా తోటకు నీళ్లు కడుతూ ఉంటాడని కూడా తెలుసు.

"లా మామా" అంది. కాదు, అని. "మాత్ లేదు. తమ్ముడు బాగున్నాడు. ఎవరూ చావలేదు."

ఖాసిం వలి కళ్లు మూసుకున్నాడు. "నీ బాగుకే సెప్తాంటి గదమ్మా" అన్నాడు తెలుగులో, పళ్ల మధ్య నుంచి. "ఇరవై ఆరేండ్లల్లో నా మాట ఎవురూ కొట్టేయలేదు. నువ్వే కొట్టేస్తివి."

మామా గుండె మీది చెయ్యి దించింది. ఖాసిం వలి వైపు తిరిగింది. రెడ్డెమ్మను చూపించి, "ఈమె ఎప్పుడూ అనే మాట ఉందే, ఊర్కీ అని. దానర్థం ఏమిటో పూర్తిగా చెప్పు. ఈసారి ఏమీ కలపకుండా చెప్పు" అంది.

ఖాసిం వలి చెమట తుడుచుకుని చెప్పాడు. డబ్బు తీసుకోకుండా ఇస్తే ఊరికే. పని లేకుండా కూర్చుంటే ఊరికే. ఏడుస్తున్న మనిషిని ఎందుకని అడిగితే, చెప్పడం ఇష్టం లేకపోతే ఊరికే. కారణం లేకుండా ఏది చేసినా ఊరికే. ఆగి, మళ్లీ అన్నాడు. "ఇంకొకటి కూడా ఉంది మామా. విడదీస్తే ఊరికి అంటే సొంతూరికి. చివర ఆ ఏ అంటే అక్కడికి మాత్రమే, ఇంకెక్కడికీ కాదు, అని."

"రెండూ ఒకటే రాతా?"

"రాతా ఒకటే. పలకడమూ ఒకటే."

మామా సోఫాలో నిటారుగా కూర్చుంది. తర్వాత, అక్షరం అక్షరం పలికించే టీచరులా "ఊర్కే" అంది. సరిపోలేదు. మళ్లీ అంది, "ఊరికే". ఈసారి సరిగ్గా వచ్చింది. ఆరేళ్లుగా తన పేరు సరిగా వినని రెడ్డెమ్మ ఆ నోట ఆ మాట సరిగా వింది.

ఖాసిం వలి ముఖం విప్పారింది. "ఐపాయె పో. పంపుతాది" అన్నాడు చిన్నగా.

మామా కిటికీ వైపు చూసింది. కిటికీకి మందపాటి పరదా ఉంది. తర్వాత హాల్లో ఖాళీగా ఉన్న ఆరు కుర్చీలనూ చూసింది. టిష్యూ పెట్టె కుడివైపున ఉంది.

"లా" అంది. "ఈ ఏడు వద్దు."

ఖాసిం వలి ఏదో అనబోయాడు. ఆమె చెయ్యెత్తింది. ఆయన ఆగిపోయాడు.

రెడ్డెమ్మ గోడ వదిలి ఒక అడుగు ముందుకు వచ్చింది. ఆ మాట ఆమె చెవికి ఇంటి గడియారం లాగా అలవాటే, కానీ తన నోటితో ఈ ఇంట్లో ఎప్పుడూ అనలేదు.

"లేష్ మామా?"

మామా ఆమె వైపు చూడకుండా కప్పు చేతిలోకి తీసుకుంది. కప్పులో గహ్వా అయిపోయి చాలాసేపయింది.

"బస్ చిదీ" అంది.

ఎవరూ దాన్ని తెలుగులోకి మార్చనక్కర్లేదు. ఆ మాటకు ఎదురు ప్రశ్న ఉండదని రెడ్డెమ్మ కంటే బాగా తెలిసినవాళ్లు ఆ గదిలో లేరు. ఆమె కప్పు అందుకుని కిందికి దిగింది.

వెళ్లేటప్పుడు ఖాసిం వలి వంటింటి గుమ్మం దగ్గర ఆగాడు. "తమ్మున్ని సంపుకోని ఉంటే రేపు సూట్‌కేసు సర్దుకుంటాంటివి."

"వాడు ఫోన్ సేసినప్పుడు ఏమని పలకల్లన్నా?"

"పలికేదేముంది" అన్నాడు. బూట్లు వేసుకుని, తల ఊపి వెళ్లిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం మిద్దె తాళంచెవి మెట్ల పక్కన మేకుకు వేలాడుతూ కనపడింది. తీసుకోమని ఎవరూ చెప్పలేదు. చెత్త సంచుల పని కూడా తిరిగి ఆమెకే వచ్చింది. రెడ్డెమ్మ పారిపోయే మనిషి కాదని తేలిపోయింది, మామా పంపే మనిషీ కాదని తేలిపోయింది. సాయంత్రం ఐదింటికి రెడ్డెమ్మ మిషన్ వెనక నుంచి బుట్ట తీసి, దులిపి, మళ్లీ అక్కడే పెట్టేసింది. ఉత్త చేతులతో మెట్లెక్కింది. కెమెరా ముందు ఒక క్షణం నిలబడింది కూడా. ఎందుకని ఎవరూ అడగలేదు.

పక్క మిద్దె మీద హుస్సేన్ బీ ఇంకా రాలేదు. ట్యాంకు నీడ సన్నగా పడి ఉంది. వేడిగాలి ముఖాన కొడుతోంది. గంగాధర ఫోను చేశాడు.

"ఏమన్నింది?"

"పంపదంట."

"ఎందుకంట?"

"ఊరికేనంట."

మొన్న ఇదే మాట తను అంటే నమ్మనివాడు, ఇప్పుడూ నమ్మలేదు. "అంత సదువుకున్న్యామె ఊరికే అంటాదా? ఏదో కారణం ఉంటాది లే."

"ఉండాది" అంది రెడ్డెమ్మ.

"ఏంది?"

కింది నుంచి పిలుపు వచ్చింది. "రదీమా." రెడ్డెమ్మ పలకలేదు. ఫోను చెవి దగ్గరే పెట్టుకుని ట్యాంకు నీడలో నిలబడింది. రెండోసారి పిలుపు కొంచెం పెద్దగా వచ్చింది.

"ఏంది మే, సెప్పు" అంటున్నాడు గంగాధర.

"మళ్ల సేస్తా" అని ఫోను పెట్టేసింది. మిద్దె తలుపు దగ్గరికి వేసి, తాళంచెవి మేకుకు తగిలించి, మెట్లు దిగింది. టిష్యూ పెట్టె నిన్న కుడివైపు ఉంది. ఇవాళ ఎడమవైపు జరపాలి.